పెట్టెలోని పాతగాలి

హెర్న్‌డన్‌లో మా అమ్మాయి నీహారిక ఇంటి మేడ మీద, మనవరాలు ఇషా గదిలో నిలువెత్తు అద్దాల కిటికీ ఉంది. చలికాలం పొద్దున్నే ఇద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. పిల్ల అద్దం మీద 'హా' అని ఊదేది. అద్దం మసకబారేది. ఆ మసక మీద నేను వేలితో ఒక అక్షరం రాసేదాన్ని, అది దిద్దేది. ఆవిరి ఆరిపోయేలోపు పూర్తి చేయాలి, అదీ ఆట. నేను అక్షరాలు నేర్చుకున్నదే యాభై మూడేళ్ళకు, రాత్రిబడిలో. కాబట్టి ఎనిమిదేళ్ళ పిల్లతో సమానంగా తప్పులు రాయడానికి నాకేమీ నామోషీ లేదు. పిల్లది గట్టి ఊపిరి. ఒక్కసారి ఊదితే దాని పేరంతా పట్టేంత మసక వచ్చేది.

నేను అమ్మాయి దగ్గరికి ఆ దేశం పోయింది రెండు వేల పదకొండు నవంబరులో. నీహారిక అప్పుడే దక్షిణ ధ్రువానికి బయలుదేరుతోంది, మూడు నెలలు రాదు. అల్లుడు చక్రధర్‌కు పొద్దుగూకే దాకా ఆఫీసే. పిల్ల కోసం నన్ను పిలిపించారు.

మా అమ్మాయి పని మంచుతో. ఫిబ్రవరిలో తిరిగొచ్చాక వంటింట్లో కూర్చోబెట్టి నాకు విడమరిచి చెప్పింది. అక్కడ కురిసిన మంచు కరగదట. ఏడాది మీద ఏడాది పేరుకుంటూ పోతుందట. గొట్టంలాంటి రంపంతో కిందికి కోస్తూ పోతే లోతుకు పోయినకొద్దీ పాతకాలం. ఆ మంచులో ఆవగింజలో పావంత బుడగలుంటాయట. ఒక్కో బుడగలో ఆ మంచు పడిన నాటి గాలి.

"మా అవ్వ పీల్చిన గాలి కూడా ఉంటదా బిడ్డా?" అని అడిగాను.

నవ్వింది. "అవ్వది పైపైనే ఉంటుందమ్మా. ఈసారి మేం తెచ్చింది, మనుషులకు గింజ నాటడం కూడా తెలియని రోజులది."

భూమికి ఎప్పుడెప్పుడు జ్వరం వచ్చిందో, ఎంత వచ్చిందో ఆ గాలి చెబుతుందట. ముందు ముందు సముద్రం ఏ ఊళ్ళను మింగుతుందో, ఎక్కడ వానలు తప్పుతాయో తెలుసుకోవాలంటే దాన్నే అడగాలట. మా నల్లగొండలో బోరు ఎండడానికీ, మనిషే లేని ఆ తెల్లటి నేలకూ చుట్టరికం ఉందని వింటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎంత పెద్ద ఇల్లు ఇది, ఎంత దూరపు చుట్టాలు అనుకున్నాను.

ఇంత చెప్పినా వినడానికి చెవులుండాలి కదా. రవికాంత్ అని, చక్రధర్ మీద ఆఫీసరు. ఆష్‌బర్న్‌లో పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో ఎన్ని బాత్రూములున్నాయో వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతాడు. ఏప్రిల్‌లో భోజనానికి పిలిచి మా అమ్మాయిని పట్టుకున్నాడు.

"అయితే నీహారికా, ప్లేన్ మార్చి ప్లేన్ ఎక్కి, అంత దూరం పోయి ఐస్ తెచ్చావు. మా ఫ్రిజ్ బటన్ నొక్కితే వస్తుంది కదమ్మా."

అందరూ నవ్వారు. మా అల్లుడూ నవ్వాడు, పైఅధికారి కదా. నీహారిక పిచ్చిది, ఆయన నిజంగా తెలుసుకోవాలని అడిగాడనుకుంది. అన్నీ చెప్పింది. చెప్పకూడనిది కూడా చెప్పింది. కొలతలన్నీ అయిపోయి పనికిరాని ముక్క ఏదైనా మిగిలితే, అక్కడివాళ్ళు దాన్ని గ్లాసులో వేసుకుంటారట. వేడి తగలగానే బుడగలు పగిలి చిటపటమంటాయట. గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని ఆ పాతగాలి బయటికి రావడం వింటారట. అది వాళ్ళ ఆచారం.

"అన్నీ కొలిచాకే సుమా," అంది నీహారిక.

రవికాంత్ చెవికి ఆ చివరి మాట ఎక్కలేదు. అటువంటి చెవులకు ఏ మాట చివరా ఎక్కదు.

జూన్ నెలాఖరు శుక్రవారం పెద్ద గాలివాన వచ్చింది. అరగంటే. ఆ అరగంటలో చెట్లన్నీ తీగల మీద పడి ఊళ్ళకు ఊళ్ళకే కరెంటు పోయింది. తెల్లారి శనివారం మన రోహిణి ఎండ నయం. నీహారిక వాళ్ళ కాలేజీలో మంచు దాచే గదులకు కరెంటు లేదు, జనరేటర్ రెండు గంటలు తిరిగి ఆగింది. మేరీలాండ్‌లో ఒక చేపల వ్యాపారి తన చల్లగిడ్డంగిలో చోటిస్తానన్నాడట. పెట్టెలన్నీ వ్యానులో విడతలుగా అక్కడికి తోలాలి. ఎండలో గంటన్నర దారి. అన్నిటికంటే లోతు నుంచి తీసిన ముక్క ఒకటుంది, మోచేతి పొడవు. దాన్ని మాత్రం ఆ ఎండలో వ్యానెక్కించడానికి నీహారికకు ధైర్యం చాలలేదు. జనరేటర్ ఉన్న ఇల్లు మాకు తెలిసినది ఒక్కటే.

ఆ తెల్లటి పెట్టెను నీహారిక రవికాంత్ బేస్‌మెంట్‌లో ఫ్రీజర్‌లో పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, ఆరింటికల్లా నేనూ చక్రధర్ వస్తాం. అప్పటిదాకా ఎవర్నీ దీని మూత తీయనీయకు. మూడేళ్ళ పని ఇది. ఇంకోటి లేదు. మళ్ళీ తేలేం."

"నేనుంటా పో బిడ్డా," అన్నాను. చదువుకున్నవాళ్ళు నాకు అప్పగించిన మొదటి పని అది. ఫ్రీజర్ ముందు ముక్కాలిపీట లాంటిది వేసుకుని కూర్చున్నాను. ఇషా నా పక్కన బొమ్మలు గీసుకుంటోంది.

ఆ బేస్‌మెంట్‌కు కిటికీలు లేవు. బయట మండే ఎండ, లోపల దీపాలు. కొత్త కార్పెట్ వాసన, వేయించిన జీడిపప్పు వాసన. గోడ అవతల జనరేటర్ డుబడుబమంటోంది. కరెంటు లేని స్నేహితులంతా మధ్యాహ్నానికల్లా అక్కడ చేరారు. రవికాంత్ సీసాలు తీశాడు. ఐస్ లేదు. బటన్ నొక్కితే వచ్చే ఆ ఫ్రిజ్‌కు జనరేటర్ తీగ ఇవ్వలేదట. దుకాణాల్లో ఐసంతా పొద్దున్నే అయిపోయింది.

రవికాంత్ నా వైపు చూశాడు.

"ఆంటీ, కొంచెం జరగండి."

"వద్దు బాబూ. నా బిడ్డ తెరవొద్దని చెప్పి పోయింది."

"ఆంటీ, అది గవర్నమెంట్ డబ్బుతో తెచ్చింది. గవర్నమెంట్‌కు టాక్స్ కట్టేది ఎవరు? నేను. నా ఐస్ నేను తీసుకుంటున్నా."

ఆదిశేషు అని భారీ మనిషి, సోఫాలోంచి, "పోనీ ఆంటీని చదవమనరా, పెట్టె మీద పేరు ఎవరిదుందో," అన్నాడు.

రవికాంత్ పెట్టె తీసి నా ముందు పెట్టాడు. పైన కాగితం మీద ఇంగ్లీషు. "చదవండి ఆంటీ."

"తెలుగైతే చదువుతా," అన్నాను.

ఆ మాటకు వాళ్ళు నవ్విన నవ్వు నాకింకా గుర్తే. ఆదిశేషుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అంతంత చదువులు చదివి, ఒక ముసల్దాన్ని చూసి నవ్వడం దగ్గర ఆగిపోయారే అనుకున్నాను. కోపం రాలేదు. గాదె నిండా పొల్లు చూసినప్పుడు కోపం వస్తుందా?

నేను పెట్టె మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు, టేబుల్ మీద గరిటె తీసి పెట్టినట్టు. మూత తీశాడు. మాంసం దంచే సుత్తితో కొసన కొట్టాడు. ముక్కలు ఆరు గ్లాసుల్లో వేశాడు. ఆయనకు, ఆదిశేషుకు, ఇంకో ముగ్గురు మగవాళ్ళకు, వాళ్ళలో ఒకాయన భార్యకు.

చిట్... చిటపట... చిట్.

"వినండి, వినండి," అన్నాడు రవికాంత్, గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని. "వేల ఏళ్ళ గాలి అట. ఏం చెబుతోందిరా శేషూ?"

"బిల్లు కట్టమంటోంది," అన్నాడు ఆదిశేషు.

నాకు వేరేగా వినిపించింది. చిటపటల మధ్య మధ్య ఒక చప్పుడు. ఎవరో ముక్కుతో చిన్నగా ఈసడించినట్టు. పనికిరాని మనిషిని చూసి పెద్దవాళ్ళు అంటారే, నోరు తెరవకుండా... అలా.

మిగిలిన మంచు మీద నేను గబగబా మూత వేశాను. తిరిగి చూస్తే ఇషా చేతిలో నిమ్మరసం గ్లాసు. అందులో తేలుతూ ఒక పలుకు. రవికాంత్ భార్య ఇంద్రజ, "పిల్లకు సరదాగా ఉంటుందని వేశానాంటీ," అంది. గ్లాసు లాక్కున్నాను.

"తాగినవా?"

ఇషా తల అడ్డంగా ఊపింది. ఆ పలుకును రెండు వేళ్ళతో తీసి, కొంగుతో తుడిచి, పెట్టెలో వేసి మూత బిగించాను. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు అరచేతులూ ఆనించాను.

అప్పుడు జనరేటర్ ఆగింది.

మిట్టమధ్యాహ్నం. పైన అంత ఎండ. ఆ గదిలో మాత్రం కాటుకలాంటి చీకటి. ఎవరో ఫోను వెలిగించబోయారు, వెలగలేదు. "ఒక్క నిమిషం, డీజిల్ అయిపోయుంటుంది," అన్నాడు రవికాంత్.

చిట్... చిట్... చిటపట...

గ్లాసుల్లో వేసిన మంచు ఎంత? గోలీకాయంతవి నాలుగేసి పలుకులు. ఈపాటికి కరిగిపోవాలి. చిటపట ఆగదే. పెరుగుతోంది. ఎండుటాకుల మీద ఎవరో నడిచి వస్తున్నట్టు.

జీడిపప్పు వాసన పోయింది. కార్పెట్ వాసన పోయింది. ఏ వాసనా లేదు. అంత ఖాళీ గాలి నేనెన్నడూ పీల్చలేదు. మట్టి లేదు, చెట్టు లేదు, మనిషి లేడు అందులో.

చలి. పాదాల నుంచి ఎక్కుతోంది.

"రవీ..." ఆదిశేషు గొంతు, గుసగుసగా. "ఎవర్రా... నా పక్కన?"

"ఎవరూ లేరు."

"ఊపిరి పీలుస్తున్నార్రా..."

నిజమే. నాకూ వినిపిస్తోంది. పొడుగ్గా... నిదానంగా... లోపలికి. లోపలికే. ఎంతసేపటికీ వదలడం లేదు. మనిషి ఎవరైనా పీల్చాక వదలాలి కదా. ఇది పీలుస్తూనే ఉంది.

ఆ చప్పుడు ఎక్కడిదో అప్పుడు తెలిసింది నాకు.

నా ఒళ్ళోది.

నా అరచేతుల కింద పెట్టె మూత లోపలికి గుంజుకుపోతోంది. పసిపిల్ల డొక్కలాగా. గుంజుకుంది... ఆగింది... ఇంకొంచెం గుంజుకుంది. పెట్టెను పారేద్దామనుకున్నాను. మా నీహారిక నా చేతులు పట్టుకుని చెప్పిన మాట గుర్తొచ్చింది. వదల్లేదు. ఇషాను మోకాళ్ళ మధ్యకు లాక్కుని, దాని ముక్కూ నోరూ కొంగుతో గట్టిగా మూసేశాను.

"అమ్మమ్మా..."

"మాట్లాడకు. ఊపిరి బయటికి వదలకు."

జనరేటర్ దగ్గి మళ్ళీ తిరిగింది. దీపాలు వచ్చాయి.

ఆరుగురూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చునున్నారు, నోళ్ళు తెరుచుకుని, చేపల్లాగా. గ్లాసుల్లో మంచు లేదు. కరిగిన నీళ్ళూ లేవు. అడుగున పొడిగా ఉన్నాయి. ముందుగా రవికాంత్ నోరు మూసుకున్నాడు. చుట్టూ చూసి, నవ్వడానికి కొంచెం సమయం తీసుకున్నాడు.

"జనరేటర్ పొగ," అన్నాడు. "వెంటిలేషన్ లేదు. పైకి పదండి."

అంతే. పెద్ద చదువుల్లో అన్నిటికీ ఒక మాట ఉంటుంది. ఆ మాట అనేస్తే ఇక చూడనక్కర్లేదు.

నీహారిక ఆరింటికి వచ్చింది. పెట్టె తెరిచింది, సగం ముక్కను చూసింది, మూసింది. పెట్టెను చంకన పెట్టుకుని కారు దగ్గరికి నడిచింది. కారులో చక్రధర్, "ఆయన కింద పని చేస్తున్నాను అత్తయ్యా, ఏమంటాను?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనలేనివాడితో ఏం మాట్లాడతాం?

చీకట్లో ఏం జరిగిందో నీహారికకు చెప్పాను. భయపడ్డావమ్మా అంది. అక్కడితో సరి.

ఎండాకాలంలో అద్దాల మీద మసక రాదు కాబట్టి మా అక్షరాల ఆట లేదు. వీసా పొడిగించారు, ఉండిపోయాను. నవంబరు రెండో వారంలో తొలి చలి పడింది. శుక్రవారం పొద్దున్నే రవికాంత్ కారు మా వాకిట్లో ఆగింది, చక్రధర్‌ను ఎక్కించుకోవడానికి. నేను శాలువా కప్పుకుని చెత్తడబ్బా లోపలికి లాగుతున్నాను. చక్రధర్ మాట్లాడుతుంటే నోట్లోంచి పొగలు. నా నోట్లోంచి పొగలు. రోడ్డు మీద పోయే కుక్క నోట్లోంచి కూడా పొగలు.

రవికాంత్ కారు దిగి నా దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు.

"ఏమంటోంది ఆంటీ..." ఆగాడు. "మీ అమ్మాయి..." మళ్ళీ ఆగాడు. "ఐస్?"

ఎగతాళి అదే. ఊపిరే చాలడం లేదు. నేను ఆయన నోటి వైపు చూస్తూ నిలబడ్డాను. మాట వస్తోంది. పొగ రావడం లేదు. నోటి ముందు గాలి, ఎవరూ లేనట్టు తేటగా ఉంది.

సాయంత్రం నీహారికకు చెప్పాను. కొట్టిపారేస్తుందనుకున్నాను. కూరగాయలు తరిగే కత్తి కింద పెట్టి, లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"అమ్మా, నీకొకటి చూపిస్తాను. ఎవరికీ చెప్పలేదు."

రెండు ఫోటోలు. మొదటిది ఆ ముక్కది, ధ్రువం నుంచి తెచ్చినప్పటిది. దీపం ముందు పెడితే లోపల సన్నటి ఇసుకలాంటి బుడగలు. రెండోది అదే ముక్క మిగిలిన సగం, ఈ నెలలో తీసింది. ఇసుక మధ్యలో పెసరగింజంత పెద్ద బుడగలు.

"ఇవి ఇంతకుముందు లేవు. ఉండడానికి వీల్లేదు కూడా. మంగళవారం ఒకటి పగలగొట్టి కొలిచాను." గొంతు తగ్గించింది. "పాతగాలి కాదమ్మా. ఈ ఏడాది గాలి. పైగా బొగ్గుపులుసు వాయువు ఎంతుందంటే... ఏ కాలంలోనూ బయటి గాలిలో అంత లేదు. మనిషి ఊపిరిలోనే ఉంటుంది."

"మంగళవారమా?"

"అవును, మధ్యాహ్నం. ఏం?"

మంగళవారం మధ్యాహ్నం ఆదిశేషు ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. బుధవారం మేమంతా చూడ్డానికి వెళ్ళాం. నీహారికకూ ఆ మాట అప్పుడే తట్టినట్టుంది. ముఖం పాలిపోయింది.

"మిగతావి రేపు కొలుద్దామనుకున్నాను," అంది మెల్లగా.

నేను తెరకు దగ్గరగా జరిగాను. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎంచడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చు.

"పగలగొట్టింది పోను ఇవా?"

"కాదు, ఇది దానికి ముందు తీసింది. మొత్తం ఏడు."

ఆరు గ్లాసులు. ఆరుగురు. నేను నా కళ్ళతో చూశాను.

మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మెట్లెక్కాను. ఇషా కిటికీ ముందు కూర్చుని ఉంది. బయట చీకటి పడుతోంది, చలి. అద్దం మీద నోరు ఆనించి ఊదుతోంది. 'హా'... 'హా'... బుగ్గలు ఎర్రబడేదాకా.

"అమ్మమ్మా, చూడు. ఈ గ్లాస్ పని చేయట్లేదు."

అద్దం శుభ్రంగా ఉంది. వెనక నుంచి వచ్చిన నీహారిక గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఇషా తల్లీ," అన్నాను, "ఆ రోజు నిమ్మరసం..."

"ఒక్క సిప్ అమ్మమ్మా," అంది అది గుసగుసగా. "నువ్వు తిడతావని చెప్పలేదు."

ఆ మంచును మళ్ళీ ఎవరూ కొలవలేదు. మూడేళ్ళ పని చెడిపోయిందని నీహారిక రాసిచ్చి, మాటపడి, ఆ ముక్కను ఇంటికి తెచ్చుకుంది. బేస్‌మెంట్‌లో దానికొక ఫ్రీజర్, ఫ్రీజర్‌కు ఒక జనరేటర్, ఆ జనరేటర్‌కు తోడుగా ఇంకొకటి. ఏ బుడగ ఎవరిదో తెలియదు. రవికాంత్‌ది కూడా అందులోనే పదిలంగా ఉంది. ఆయన ఇప్పటికీ పిలిచిన చోటల్లా మంచు మీద జోకులు వేస్తాడట, ఆగి ఆగి. ఎవరు కాపాడుతున్నారో ఆయనకు తెలియదు. చెప్పినా వినడు.

నేను నల్లగొండ వచ్చేసి రెండేళ్ళవుతోంది. రోజూ ఫోను చేస్తాను. తిన్నారా అని అడగను. "కరెంటు ఉందా బిడ్డా?" అని అడుగుతాను. "ఉందమ్మా," అంటుంది నీహారిక. అప్పుడు పెట్టేస్తాను.

నిన్న ఫోను ఇషా తీసింది. సంతోషంగా ఉంది.

"అమ్మమ్మా, నా రూమ్‌లో గ్లాస్ మళ్ళీ పని చేస్తోంది. ఇంత పెద్ద ఫాగ్ వచ్చింది."

నా ప్రాణం లేచొచ్చింది. "అట్లనా తల్లీ. మరి నీ పేరు రాసినవా?"

"ట్రై చేశాను. రాయడానికి రావట్లేదు." అద్దం మీద వేలితో రుద్దిన చప్పుడు. "అది అవతలి సైడ్ ఉంది అమ్మమ్మా."